పక్షవాతం తర్వాత బ్యాలెన్స్ సాధన: తక్కువ ఖర్చు పరికరాలతో ఇంట్లోనే ఎలా చేయించాలి

స్ట్రోక్ వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలోనే చాలామంది అడిగే ప్రశ్న "ఏ మిషన్ కొనాలి?" అని. కార్పొరేట్ ఆసుపత్రుల ఫిజియో విభాగాల్లో ఒక ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి, ఎదురుగా తెర మీద కదిలే చుక్కను చూపించే యంత్రాలుంటాయి. వాటి ధర లక్షల్లో ఉంటుంది. అది చూసొచ్చాక, ఇంట్లో అలాంటిది లేకపోతే నాన్న ఇక సరిగ్గా నిలబడలేడేమో అని టెన్షన్ మొదలవుతుంది.

ఆ యంత్రం చేసే పనిలో ముఖ్యమైనది ఒకటే. ఏ కాలి మీద ఎంత బరువు పడుతోందో, ఒళ్లు ఎటు ఒరుగుతోందో ఆ మనిషికి అప్పటికప్పుడు కంటికి చూపిస్తుంది. ఆ ఒక్క పనికీ లక్షలు అక్కర్లేదు. రెండు బరువు తూచే మిషన్లు, చేతిలో ఉన్న ఫోను, ఒక నిలువుటద్దం ఉంటే చాలావరకు జరుగుతుంది.

కంటికి చూపించడం ఎందుకంత అవసరమో ముందు చెబుతాను. మనం పడకుండా నిలబడాలంటే మెదడుకు మూడు వైపుల నుంచి కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, పాదాలు కీళ్లలోని స్పర్శ. స్ట్రోక్‌లో కాలి బలం తగ్గడమే కాదు, చాలామందికి ఆ కాలి నుంచి వచ్చే కబురు కూడా సరిగా అందదు. తాను నిటారుగానే ఉన్నానని ఆ మనిషి నమ్ముతాడు, బరువు మాత్రం చాలావరకు బాగున్న కాలి మీదే ఉంటుంది. మీరు పక్కన నిలబడి "ఎడమ కాలి మీద బరువు వెయ్యి నాన్నా" అని పదిసార్లు చెబితే ఆయనకు విసుగు, మీకు కోపం. అదే మిషన్ ముల్లు 18 దగ్గర నుంచి 24కి వెళ్లడం తన కళ్లతో చూస్తే, ఏం చేస్తే ముల్లు కదిలిందో ఆయన ఒంటికే తెలుస్తుంది.

ముందు ఫిజియోను అడగండి

ఇక్కడ చెప్పేవన్నీ, ఒకరి చేయి ఆసరాతోనైనా కాసేపు నిలబడగలిగే స్థితికి వచ్చినవాళ్లకే. స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లో తొందరపడి నిలబెట్టొద్దు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అవర్ట్ అనే పెద్ద అధ్యయనంలో, తొలి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువ మోతాదులో లేపి తిప్పినవాళ్లకు మూడు నెలల తర్వాత మేలు కాలేదు సరికదా, ఫలితం కొంత తగ్గింది. ఎప్పుడు నిలబెట్టాలో డాక్టర్ చెప్పాలి.

ఇంటికొచ్చే ఫిజియో ఖర్చు నెలంతా భరించలేమనుకుంటే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. అక్కడ ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించండి. బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్ వేయమని పేరు పెట్టి అడగండి. అందులో 14 పనులుంటాయి, ఒక్కో దానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 56. సాధారణంగా 45 కంటే తక్కువ వస్తే పడే ప్రమాదం ఎక్కువని లెక్క. ఆ అంకె మీ నోటుబుక్కులో మొదటి పేజీలో ఉండాలి.

అడగాల్సినవి ఇంకో మూడున్నాయి. ఒకవైపు ఉన్నవి పట్టించుకోకపోవడం ఉందా, అంటే ఎడమవైపు కంచంలో అన్నం వదిలేయడం, ఎడమ భుజం తలుపుకు తగలడం లాంటివి. బలహీనమైన వైపుకే ఒళ్లంతా నెట్టుకునే లక్షణం ఉందా. కాలు ఈడ్చుకుపోకుండా మడమకు పెట్టే స్ప్లింట్ సాధనప్పుడు వేసుకోవాలా, తీసేయాలా. మొదటి రెండింట్లో ఏది ఉన్నా ఈ సాధన ఫిజియో కళ్లముందే మొదలవ్వాలి, ఇంట్లో మీరొక్కరే మొదలుపెట్టొద్దు.

చోటు: వంటింటి గట్టు

పరికరాల కంటే ముందు చోటు సంగతి తేల్చుకోండి, ఉన్న డబ్బులో మొదటి రూపాయి ఇక్కడే పెట్టండి. మన హైదరాబాద్ ఫ్లాట్లలో హాలంతా నున్నటి టైల్స్. పాత ఇళ్లలో షాబాద్ బండలు, గది గదికీ గడప. తడిగుడ్డ పెట్టాక నేల పూర్తిగా ఆరేదాకా సాధన వద్దు. సాక్సులతో వద్దు, వెనక పట్టీ లేని చెప్పులతో అసలే వద్దు.

నాకు తెలిసి ఇంట్లో అన్నిటికంటే మంచి చోటు వంటింటి గ్రానైట్ గట్టు. కదలదు, జారదు, చాలామందికి నడుము ఎత్తులో ఉంటుంది. మనిషి గట్టుకు ఎదురుగా నిలబడాలి, వెనకాల గోడకు ఆనించిన బరువైన చెక్క కుర్చీ ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది, పనికిరాదు. స్టవ్ ఆపి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కూడా కట్టేయండి. వంటిల్లు మరీ ఇరుకైతే హాల్లో రెండు గోడలు కలిసే మూల చూసుకుని, ముందు బరువైన టేబుల్ పెట్టండి.

నడుముకు కట్టే వెడల్పాటి బట్ట బెల్టు ఒకటి కావాలి. కోఠి సర్జికల్ షాపుల్లో నడిపించేటప్పుడు పట్టుకునే బెల్టు అంటే ఇస్తారు. పట్టుకునేవాళ్లు బలహీనమైన వైపు, ఒక అడుగు వెనగ్గా నిలబడి ఒక చేత్తో బెల్టు పట్టుకోవాలి, రెండో చెయ్యి ఛాతీ ముందు సిద్ధంగా ఉంచాలి. చంకలో చెయ్యి వేసి లేపొద్దు, బలహీనమైన చెయ్యి పట్టుకుని లాగొద్దు. ఆ భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులుగా ఉంటాయి, ఒక్క గుంజుడికే కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుంది. ఈ మాట ఇంట్లో పనమ్మాయికి, చూడ్డానికి వచ్చిన చుట్టాలకి కూడా చెప్పండి.

మొదలుపెట్టే ముందు కూర్చోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టాక మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ రోజు సాధన ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. పిక్కలో వాపు, నొప్పి కొత్తగా వచ్చినా అంతే. ఉన్నట్టుండి తూలడం, రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే అది మళ్లీ స్ట్రోక్ కావచ్చు. వెంటనే 108. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, కాబట్టి లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.

ఇప్పుడెక్కడున్నారో కొలవండి

చేతులున్న కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో నేల మీద రంగు టేపు అంటించండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. "వెళ్లండి" అన్నప్పటి నుంచి లేచి, మామూలు నడకతో టేపు దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చునేదాకా ఎన్ని సెకన్లో రాయండి. చేతికర్ర వాడుతుంటే దాంతోనే. పెద్దవాళ్లలో 12 సెకన్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే కొలత. స్ట్రోక్ తర్వాత మొదట్లో చాలామందికి అంతకు రెట్టింపు పడుతుంది, దానికి బెంగపడక్కర్లేదు. మీకు కావాల్సింది నెల తర్వాత అది ఎంత తగ్గిందన్నదే.

రెండోది, గోడ పక్కన నిలబెట్టి బాగున్న చెయ్యి భుజం ఎత్తుకు చాపించి, వేళ్ల చివర గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. పాదాలు కదపకుండా ఎంత ముందుకు చాపగలరో అక్కడ ఇంకో గీత. మధ్య దూరం 15 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే బాగా జాగ్రత్త పడాలి.

రెండు వెయింగ్ మిషన్లు

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే. డిజిటల్ గాజు మిషన్లు కొనకండి. అవి బరువు చూపించి అంకెను అక్కడే ఆపేస్తాయి, కాసేపటికి ఆరిపోతాయి. పైగా గాజు జారుతుంది. మనకు కావాల్సింది క్షణక్షణం ఊగే ముల్లు. పాతకాలపు స్ప్రింగ్ మిషన్, గుండ్రటి డయల్, పైన గరుకు రబ్బరు ఉన్నది తీసుకోండి. ఒకే మోడల్‌వి రెండు. బేగంబజార్‌లోనో కోఠిలోనో అడిగితే ఒక్కోటి వెయ్యి రూపాయల అటూ ఇటూగా దొరుకుతుంది.

కొన్నాక రెండు ముళ్లూ సున్నా దగ్గరకు తిప్పి, మీరే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి చూడండి. కిలో తేడా ఉంటే ఏది ఎక్కువ చూపిస్తోందో దాని మీద రాసి అంటించండి. రెండింటినీ గట్టు ముందు పక్కపక్కన పెట్టండి. మిషన్ ఎత్తు వల్ల చిన్న మెట్టులా అవుతుంది, ఎక్కేటప్పుడు దిగేటప్పుడే పడే ప్రమాదం. అందుకే కార్పెంటర్‌తో అదే మందంలో ప్లైవుడ్ చట్రం చేయించి, మిషన్లు అందులో కూర్చునేలా పెట్టించండి. మిషన్‌కీ చెక్కకీ మధ్య కొద్దిగా సందు ఉండాలి, లేకపోతే బరువు తప్పు చూపిస్తుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

ఇప్పుడు ఒక్కో కాలు ఒక్కో మిషన్ మీద. బాగున్న చెయ్యి గట్టు మీద. అరనిమిషం నిలబెట్టి రెండు అంకెలూ రాయండి. ఉదాహరణకు మనిషి బరువు 62 కిలోలు, బలహీనమైన ఎడమ కాలు 20, కుడి 36 వచ్చిందనుకోండి. రెండూ కలిపితే 56. మిగతా 6 కిలోలు ఎక్కడికి పోయాయి? చేతి మీదికి. గట్టును ఎంత గట్టిగా అదుముతున్నారో ఈ లెక్కలో దొరికిపోతుంది. ఇది చాలామంది చూడరు, నేను మాత్రం రోజూ రాయమంటాను. ఎందుకంటే ఎడమ కాలి అంకె మారకపోయినా చేతి మీది ఆరు కిలోలు రెండుకు దిగితే అదీ మెరుగే.

డయల్ చూడ్డానికి తల వంచితే బ్యాలెన్స్ తప్పుతుంది. కాబట్టి మొదట్లో అంకెలు మీరు చదివి చెప్పండి. ఇంకా మంచి పద్ధతి, చిన్న పీట మీద ఫోన్ నిలబెట్టి కెమెరా డయళ్ల మీదికి తిప్పి, స్క్రీన్‌ను టీవీకి పంపడం. టీవీ కళ్ల ఎదురుగా ఉండాలి కాబట్టి ఇది హాల్లో చేసేవాళ్లకే కుదురుతుంది. వైఫై మీద బొమ్మ ఆలస్యంగా వస్తుంటే వద్దు. ముల్లు ఆలస్యంగా కదిలితే మనిషి ఇంకాస్త ఒరుగుతాడు, అది ప్రమాదం. కేబుల్‌తో కలిపితే ఆ ఆలస్యం తగ్గుతుంది.

సాధన ఇలా. ముందు ఊరికే నిలబడటం. తర్వాత ఎడమవైపు అంకెను మూడు కిలోలు పెంచమనండి, 20 ఉంటే 23కి. అక్కడ ఐదు సెకన్లు ఆపి మెల్లగా వెనక్కి. మోకాలు వెనక్కి విరిగినట్టు బిగుసుకోకూడదు, నడుము పక్కకి వంగకూడదు, తుంటి మొత్తంగా జరగాలి. మూడు కిలోలు తేలిగ్గా వస్తుంటే ఇంకో రెండు పెంచండి. సగానికి సగం సరిగ్గా రావాలని పట్టుబట్టకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ రెండు కాళ్ల మధ్య కొంత తేడా ఉంటుంది.

అంకెల ఆట రెండు మూడు రోజుల్లో బోర్ కొడుతుంది. అప్పుడు పని కలపండి. బలహీనమైన వైపు గట్టు మీద స్టీలు గ్లాసులు పెట్టి, బాగున్న చేత్తో ఒక్కోటీ అందుకుని ఇటువైపు పెట్టమనండి. చెయ్యి అటు చాపితే ఒళ్లు తనంతట తానే ఆ కాలి మీదికి వెళ్తుంది. అమ్మ అయితే చిక్కుడుకాయలు ఒలవడం, డబ్బాలు సర్దడం నిలబడే చేస్తుంది. ఇంట్లో తనకూ ఒక పని ఉందన్న తృప్తి ఏ మిషన్ కంటే తక్కువ కాదు.

కుర్చీలోంచి లేచేటప్పుడు బరువు ఇంకా ఎక్కువగా ఒకవైపుకే పోతుంది, కాబట్టి లేచి కూర్చునే సాధన కూడా మిషన్ల మీదే చేయించండి. మిషన్ ఎత్తు వల్ల కుర్చీ పొట్టిదైనట్టు అవుతుంది, గట్టి దిండు వేయండి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి, ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగి, అప్పుడు లేవాలి.

ఒక్క పెట్టున గంట చేయించకండి. పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు, మధ్యలో కూర్చోబెడుతూ. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట బద్ధకం కాదు, నిజంగానే మెదడు అలిసిపోతుంది. తొలి మూడు నాలుగు నెలల్లో మెరుగు వేగంగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు.

అద్దం, ఫోను

ఒకవైపు ఒరిగిపోయేవాళ్లకు నిలువుటద్దం మధ్యలో పైనుంచి కిందికి రంగు టేపు అంటించండి. ముక్కు, బొడ్డు ఆ గీత మీదికి రావాలి, అంతే. అద్దం గోడకు గట్టిగా బిగించి ఉండాలి.

ఫోన్లో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ దాన్ని గ్రాఫ్‌గా గీస్తుంది. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం తయారుచేశారు. ఫోన్‌ను నడుము వెనక, బొడ్డుకు సరిగ్గా వెనకవైపు, బెల్టులో కదలకుండా కట్టండి. త్వరణం కొలిచే ప్రయోగం ఎంచుకుని, టైమర్ పెట్టి 30 సెకన్లు రికార్డు చేయండి. రిమోట్ యాక్సెస్ ఆన్ చేస్తే అదే వైఫైలో ఉన్న ఇంకో ఫోన్ బ్రౌజర్‌లో గ్రాఫ్ ప్రత్యక్షంగా కనిపిస్తుంది. గీత ఎంత గజిబిజిగా ఉంటే ఊగడం అంత ఎక్కువ. ఇది రోగనిర్ధారణ పరికరం కాదు. అదే ఫోన్, అదే చోటు, అదే నిలుచునే తీరు అయితేనే ఈ వారం గ్రాఫ్‌ను పోయిన వారం దానితో పోల్చవచ్చు. కళ్లు మూసుకుని చేసే పరీక్ష మాత్రం ఫిజియో ఉన్నప్పుడే.

నడక మొదలయ్యాక, ఒకే లయలో టిక్ టిక్ మనే మెట్రోనోమ్ యాప్ పనికొస్తుంది. టిక్ టిక్‌కు ఒక్కో అడుగు. ముందు వారి మామూలు వేగానికే పెట్టి, కుదిరాక కొద్దికొద్దిగా పెంచండి.

వీడియో గేమ్ బోర్డు, సొంతంగా చేసుకునే బోర్డు

వీడియో గేమ్ కంపెనీ నింటెండో 2007లో తెచ్చిన వీ (Wii) బ్యాలెన్స్ బోర్డులో నాలుగు మూలలా నాలుగు బరువు సెన్సర్లుంటాయి. ల్యాబుల్లో పాదాల ఒత్తిడి కొలిచే ఖరీదైన ఫోర్స్ ప్లేట్‌తో పోల్చి చూసి, నిలబడినప్పటి ఊగుడు కొలవడానికి ఇది బాగానే పనికొస్తుందని 2010లో పరిశోధకులు తేల్చారు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఫిజియోలు వాడారు. ఇప్పుడు తయారీ లేదు, సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. బ్లూటూత్‌తో ల్యాప్‌టాప్‌కు కలపవచ్చు, బ్యాటరీల మూత లోపల ఎర్ర బటన్ నొక్కితే జత కడుతుంది. చవగ్గా, పనిచేస్తున్నది దొరికితే తీసుకోండి, దానికోసం ఊరంతా తిరగక్కర్లేదు. దాని మీద ఆడే వీ ఆటలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వేగానికి చేసినవి. ఓడిపోతే వచ్చే శబ్దాలు కొందరిని కుంగదీస్తాయి. ఆటలు మామూలు ఫిజియోకు అదనంగా ఉండాలి తప్ప దానికి బదులుగా కాదు.

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఇంకో దారి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో 50 కిలోల లోడ్ సెల్స్ (బరువు సెన్సర్లు), వాటి కొలతను అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 మాడ్యూల్, ఆ అంకెను వైఫైలో ఫోన్‌కు పంపే చిన్న ఈఎస్‌పీ32 బోర్డు దొరుకుతాయి. ప్లైవుడ్‌తో కలిపి రెండు మూడు వేల లోపే అవుతుంది. ఎడమకు నాలుగు సెల్స్ ఒక మాడ్యూల్, కుడికి నాలుగు సెల్స్ ఒక మాడ్యూల్ పెడితే రెండు కాళ్ల బరువూ ఫోన్ తెర మీద రెండు పట్టీలుగా వస్తుంది. మన పనికి ఇది సరిపోతుంది. ముందూ వెనకా ఊగుడు కూడా కావాలంటే ఏ సెల్‌కి ఆ సెల్ విడిగా చదవాలి, అప్పుడు మాడ్యూళ్లు పెరుగుతాయి. బజార్లో దొరికే మాడ్యూల్ మామూలుగా సెకనుకు 10 సార్లే చదువుతుంది. దాన్ని 80కి మార్చుకోవచ్చు, కానీ బరువు పంపకం చూడటానికి 10 చాలు. సెల్ అంచుల మీదే ఆనేలా హోల్డర్ పెట్టాలి, మధ్య భాగం వంగడానికి ఖాళీ లేకపోతే అంకె కదలదు. కరెంటు పవర్ బ్యాంక్ నుంచే ఇవ్వండి, ప్లగ్గు వైరు కాళ్ల దగ్గర ఉండకూడదు. మొదట మీరు ఎక్కి, ఇంట్లో అందరికంటే బరువైనవాళ్లను ఎక్కించి, విరగదని తేలాకే పేషెంట్‌ను ఎక్కించండి. రాయదుర్గంలోని టీ-వర్క్స్ అనే ప్రభుత్వ వర్క్‌షాప్ ఇలాంటి నమూనాలు చేసుకునేవాళ్ల కోసమే ఉంది, చట్రం పనికి అక్కడ అడిగి చూడవచ్చు.

తెర తిప్పేయడం

అంకె చూస్తూ బాగా నిలబడటం ఒక దశ మాత్రమే. బాత్రూంలో డయల్ ఉండదు. కొన్ని వారాలయ్యాక, ఫిజియో సరేనంటే, టీవీ ఆపేసి "ఇప్పుడు ఎడమ కాలి మీద ఎంతుంది?" అని అడగండి. ఆయన ఒక అంకె చెప్పాక మీరు డయల్ చూసి చెప్పండి. మొదట్లో చెప్పినదానికీ ఉన్నదానికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా తగ్గుతోందంటే కాలి నుంచి కబురు మళ్లీ అందుతోందన్నమాట. పదిసార్లలో రెండు మూడుసార్లే చూపించే దాకా వెళ్లండి.

ఆ తర్వాత మిషన్లు పక్కన పెట్టి, గట్టు ముందే ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడటం, మాట్లాడుతూ నిలబడటం, చిన్న పళ్లెం పట్టుకుని తిరగడం. బెల్టు మాత్రం ఇంకా తీయొద్దు. బాత్రూంలో గోడకు పట్టుకునే స్టీలు రాడ్డు, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి బిగించేశాకే ఒంటరిగా పంపండి. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు.

బయటికి వెళ్లే దశ వస్తే పొద్దున్నే, జనం లేనప్పుడు కాలనీ పార్కులో చదునైన దారితో మొదలుపెట్టండి. గడ్డి, వాలు తర్వాత. ఫుట్‌పాత్ అంచులు, ఆర్టీసీ బస్సు మెట్లు చివర. నెలకోసారి అదే కుర్చీ, అదే టేపు గీత, అదే మూడు మీటర్లు. పక్క నుంచి వీడియో తీసి, ఎడమ, కుడి, చేతి మీది కిలోలతో కలిపి ఫిజియోకు వాట్సాప్‌లో పంపండి. రెండు నెలలు వరసగా అంకెలు కదలకపోతే వ్యాయామాలు మార్చమని అడగండి.